తాహెర్ మీద ఒట్టు

ఆరిఫా నోరు మూసుకుని కూర్చోగా చీరాలలో చూసినవాళ్ళు లేరు. బట్టల కొట్టు గౌస్ సాయిబు కూతురు. కొట్టుకు వచ్చిన ఆడవాళ్ళు చీర సంగతి తర్వాత చూసుకుని, ముందు ఈ పిల్ల కబుర్లకే చతికిలబడేవాళ్ళు. "దీన్ని చేసుకునేవాడి చెవులు గట్టివై ఉండాలి" అని తల్లి నవ్వుతూనే బెంగపడేది. ఆఖరికి దొరికిన తాహెర్ ఎంత నెమ్మదస్తుడంటే, నిఖా రోజున 'ఖబూల్' అన్న మాట కూడా పక్కవాడికి వినబడితే గొప్ప. ఈ వసపిట్టకూ ఆ మూగనోముకూ ఎలా పొసగుతుందా అని బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. ఎందుకు పొసగదూ, మాట్లాడేవాళ్ళకు కావలసింది వినేవాళ్ళే కదా!

తాహెర్ హైదరాబాదు అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకున్నాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖు మరిచిపోయి కుప్పకూలతాయని లోకం గుండెలు బాదుకుంటున్న రోజులవి. ఆ పాత ప్రోగ్రాములు బాగుచేసే పని మీద అతను ఆస్ట్రేలియా విమానమెక్కాడు. ఏడాది తిరక్కముందే ఆరిఫా కూడా వెళ్ళింది.

తంటా అక్కడే వచ్చింది. పనేమో మూడు నెలలు ఈ ఊళ్ళో, ఆర్నెల్లు ఆ ఊళ్ళో. ఇల్లేమో ఏడాదికి రాసిస్తే గానీ తాళం చేతికివ్వరు. ఒకచోట పరుపు పరిచి పప్పుల డబ్బాలు సర్దుకునేసరికి ఇంకోచోటికి పిలుపొచ్చేది. విసుగెత్తి తాహెర్ ఒక ముసలి దంపతుల దగ్గర పాత కారవాన్ కొన్నాడు. చక్రాల మీద ఇల్లన్నమాట. లోపల మంచం, పొయ్యి, చిన్న సింకు, గోడలకు చెక్క అలమరాలు. కారు వెనక తగిలించి కావలసిన ఊరికి లాక్కుపోవచ్చు. ఊరి చివర కారవాన్ పార్కులో నిలబెట్టి కరెంటూ నీళ్ళూ కలుపుకుంటే సంసారం మొదలు.

తెలిసినవాళ్ళు వెనకాల నవ్వుకున్నారు. ఐటీ ఉద్యోగమట, ఉండేది బండిలోనట! ఆరిఫా లక్ష్యపెట్టలేదు. సిడ్నీలో పెండిల్ హిల్ దగ్గర సరుకులు కొంటుంటే ఒకావిడ పైనుంచి కిందికి చూసి, "మీ అడ్రస్ ఎక్కడండీ?" అని దీర్ఘం తీసింది. "కారు నంబర్ రాసుకోండి, అదే మా అడ్రస్" అని కొత్తిమీర కట్ట సంచిలో పడేసుకుని వచ్చేసింది.

కానీ అది తర్వాతి ముచ్చట. ఆ ఇల్లు మొదటిసారి కదిలింది అడిలైడ్ నుంచి మెల్‌బోర్న్‌కి. సామాను సర్ది సర్ది ఆ పొద్దున ఆరిఫాకు నడుం పడిపోయింది. "ఏమండీ, అంత మంచం వెనకాల ఖాళీగా వస్తుంటే నేను ముందు సీట్లో ముడుచుకు కూర్చోవడం ఏంటి? నేను లోపల పడుకుంటా" అంది. తాహెర్‌కి అందులో తప్పేమీ కనిపించలేదు. పెళ్ళివాళ్ళు ట్రాక్టరు తొట్టిలో పాటలు పాడుకుంటూ పోవడం చూస్తూ పెరిగిన మనుషులాయె. ఆ తొట్టికి పైకప్పన్నా ఉండదు, దీనికి తలుపూ పరుపూ కూడా ఉన్నాయి. లాగుతున్న కారవాన్‌లో మనిషి కూర్చోవడం ఆ దేశంలో నేరమని ఇద్దరికీ తెలియదు. ఎవరినైనా అడుగుదామని తోచనైనా తోచలేదు. ఇద్దరికి ఇద్దరే!

కాసేపటికే ఆమెకు నిద్ర పట్టింది. పెద్ద లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోయిన గాలికి కారవాన్ అటూ ఇటూ ఊగిపోయింది. ముందున్న తాహెర్‌కి స్టీరింగు కాస్త లాగినట్టనిపిస్తే సరిచేసుకున్నాడు. వెనక మాత్రం ప్రళయమే వచ్చింది. అలమరా తలుపులు తెరుచుకున్నాయి. గిన్నెలు గాల్లోకి లేచాయి. ప్రెషర్ కుక్కర్ వచ్చి ఆమె దిండు మీద, చెంపకు జానెడు దూరంలో పడింది. ఆరిఫా కిందికి దొర్లి, బల్ల కాలు వాటేసుకుని, గోడను దబదబా బాదింది. గొంతు చించుకుని అరిచింది. చీరాలలో వీధి చివరికి వినబడే గొంతు, నాలుగడుగుల ముందున్న మొగుడికి వినబడలేదు. కారు టేపులో ఖవ్వాలీ మోగుతోంది.

పెట్రోలు కోసం ఆగినప్పుడు, టీ తాగుతుందేమోనని అతను తలుపు తీశాడు. జుట్టు నిండా పెరుగు, నుదుటి మీద బొప్పి, చుట్టూ పగిలిన పళ్ళేల మధ్య భార్య కూర్చుని ఉంది. "మీకు చెవుడా ఏంటండీ? అరిచి అరిచి చచ్చాను!" అని తిట్టి, తన అవతారం చూసుకుని తనే పకపకా నవ్వింది.

తాహెర్ నవ్వలేదు. మెట్టు మీద కూలబడ్డాడు. "నువ్వు అరుస్తుంటే నేను పాట వింటున్నా, ఆరిఫా" అన్నాడు. అదే మాట మళ్ళీ అన్నాడు. తర్వాత ఆమె చేయి లాక్కుని తన తల మీద పెట్టుకున్నాడు. "ఇంకెప్పుడూ బండి కదిలేటప్పుడు లోపల ఉండనని ఒట్టెయ్యి. నా మీద ఒట్టు."

అల్లా మీద తప్ప ఇంకెవరి మీదా ఒట్టు వెయ్యకూడదని ఇద్దరికీ తెలుసు. తెలిసి మాత్రం ఏం లాభం, చీరాల మనుషులు కదా, భయమేస్తే చెయ్యి తల మీదికే పోతుంది. ఆరిఫా ఒట్టేసింది.

ఆనాటినుంచి ఇల్లు కదిలినప్పుడల్లా ఇదొక సరదా అయిపోయింది. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టండీ, ఒక్క గంట నడుం వాలుస్తా" అని ఆమె గారాలు పోయేది. "పెట్టను" అనేవాడు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. దారిలో మాత్రం ప్రతి ఎత్తు దగ్గరా, ప్రతి మలుపు దగ్గరా, "ఇల్లు వస్తోందా?" అని అడిగేవాడు. ఆమె తన వైపు అద్దంలోకి చూసి, "వస్తోందండీ" అనేది. వెనకున్నది వాళ్ళ ఇల్లు, పక్కనున్నది వాళ్ళాయన, ఒళ్ళో ఉన్నవి వేరుశనక్కాయలు. ఆరిఫాకు ఆ రోడ్ల మీద అంతకంటే ఏమీ కావాలనిపించలేదు.

రెండువేల సంవత్సరం రానే వచ్చింది. సిడ్నీ ఆఫీసులో తాహెర్ కంటి మీద కునుకు లేకుండా కాపలా కాశాడు. కంప్యూటర్లేవీ కూలలేదు. కూలింది వాటిని నిలబెట్టినవాళ్ళ ఉద్యోగాలే. కాంట్రాక్టు అయిపోయింది, ఫోను మోగడం మానేసింది. మెల్‌బోర్న్‌లో తాహెర్ తమ్ముడు రెహాన్ ఉన్నాడు. పాయింట్ కుక్‌లో ఇళ్ళు అప్పుడప్పుడే లేస్తున్నాయి, అక్కడ కొత్తిల్లు కట్టుకున్నాడు. "మా ఇంటి పక్కన జాగా ఉంది భయ్యా, కారవాన్ తెచ్చి పెట్టేయండి, ఇక్కడే జాబ్ చూసుకోవచ్చు" అన్నాడు. ఈద్ అయ్యాక వెళదామనుకుని, అదీ ఇదీ చూసుకునేసరికి మార్చి వచ్చింది.

మార్చిలో ఒక పొద్దున తాహెర్ ఫజర్ నమాజు చేసుకున్నాడు, టీ తాగాడు, "కాసేపు పడుకుంటా" అని మంచం మీద వాలాడు. పరోటాలు కాల్చి పిలిస్తే పలకలేదు. ఆరిఫా మామూలుగానే, "మీకు చెవుడా ఏంటండీ?" అంది. తర్వాత దగ్గరికి వెళ్ళి చూసింది. గుండెపోటని డాక్టర్లు చెప్పారు.

సిడ్నీలోనే మట్టి ఇచ్చారు. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు భర్త ఇంట్లోనే ఉండాలి, అవసరం లేనిదే గడప దాటకూడదు. దాన్నే ఇద్దత్ అంటారు. ఆరిఫాకు ఆ ఇల్లు ఈ కారవానే. ఆయన తాగిన గ్లాసు, ఆయన తల పెట్టిన దిండు, ఆయన ప్రాణం పోయిన మంచం, అన్నీ నాలుగడుగుల్లో ఉన్నాయి. ఆ నాలుగడుగుల్లోనే ఆమె కూర్చుంది. చీరాలలో ఎవరూ చూడనిది ఇక్కడ గోడలు చూశాయి. నోరు విప్పలేదు. కళ్ళు కూడా తడవలేదు. మనసులో మాత్రం ఒక్కటే గొడవ. ఒట్టు తప్పితే కదా ఏదైనా కావలసింది? ఒక్కసారి కూడా తప్పలేదే! మరి ఆయన్ని ఎందుకు తీసుకుపోయారు? ఎవరిని నిలదియ్యాలో తెలియక ఆమెకు కోపంతో ఒళ్ళు మండిపోయేది.

ఇద్దత్ ఇంకా సగంలో ఉండగానే పార్కు మూతపడింది. యజమాని స్థలం అమ్మేశాడు, మే ఆఖరుకు బళ్ళన్నీ కదలాలి. అన్న వాడిన కారుకే కారవాన్ తగిలించి తీసుకుపోదామని రెహాన్ మెల్‌బోర్న్ నుంచి వచ్చాడు. వదినా మరిదీ ఒంటరిగా ప్రయాణం చెయ్యడం బాగుండదని భార్య షెహజాదిని వెంటబెట్టుకొచ్చాడు.

"బయల్దేరదాం భాభీ, కార్లో కూర్చోండి" అన్నాడు.

ఆరిఫా గడపలోంచి కదల్లేదు. "నేను దిగను. ఇల్లు ఎటు పోతే నేనూ ఇంట్లోనే అటు వస్తా."

"ఇద్దత్‌లో కూడా అవసరమైతే బయటికి రావచ్చు భాభీ. ఇమామ్ సాబ్‌ని అడిగే వచ్చా."

"నాకు తెలుసు."

"లోపల కూర్చోవడం ఇల్లీగల్ కూడా. పోలీస్ చూస్తే పెద్ద ఇష్యూ అవుతుంది."

"కర్టెన్ వేసుకుంటా. ఎవరూ చూడరు."

రెహాన్‌కి ఏం చెయ్యాలో తోచక అనకూడని మాట అనేశాడు. "భయ్యా ఉంటే ఒప్పుకునేవాడా?"

అప్పుడు తెగింది కట్ట. "ఉంటే నిన్నెందుకు అడుగుతానయ్యా? ఆయన తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. నడుం విరిగిపోతున్నా, జ్వరం కాస్తున్నా ముందే కూర్చున్నా. తప్పితే ఆయనకేమవుతుందోనని! తప్పలేదుగా? అయినా వెళ్ళిపోయారుగా! ఇంకా దేనికి ఆ ఒట్టు? ఇప్పుడు తప్పితే ఎవరికేమవుతుందో చెప్పు, చెప్పు మరి!"

షెహజాది కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆరిఫా తలుపు ధడాలున వేసుకుని, మంచానికి ఆయన పడుకునే వైపున వెళ్ళి కూర్చుంది.

పాపం రెహాన్, చేతగాక కారెక్కాడు. "పార్కు బయటిదాకా మెల్లగా పోనిస్తా. తర్వాత నువ్వు బతిమాలు" అన్నాడు భార్యతో. కిటికీలన్నీ దించి ఇంజను స్టార్ట్ చేశాడు.

లోపల నేల సన్నగా వణికింది. అలమరాలో పళ్ళేలు గలగలమన్నాయి. ఇల్లు కదిలింది. ఆరిఫా రెండు చేతులతో పరుపు పట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఎందుకు బిగబట్టిందో ఆమెకే తెలియదు. ఇన్నేళ్ళ భయం కదా, ఒట్టు తప్పగానే ఏదో ఘోరం జరిగిపోతుందని ఒళ్ళంతా ఎదురుచూసింది.

ఏమీ కాలేదు.

కారవాన్ మెల్లగా దొర్లుతోంది. కిటికీలోంచి పక్కవాళ్ళ బట్టలారేసిన తీగ వెనక్కి పోయింది. ఒట్టు తప్పింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఏమన్నా కావడానికి ఆయన ఉంటే కదా! చెయ్యి పెట్టిన తల మట్టిలో ఉంది. మట్టి ఇచ్చిన రోజు తెలియనిది, దిండు పక్కన కూర్చున్న అన్ని రోజులూ తెలియనిది, ఆమెకు అప్పుడు తెలిసింది. ఆయన పోయాడు. నిజంగానే పోయాడు. ఒట్టు నిలుపుకున్నన్నాళ్ళూ ఎక్కడో ఒకచోట ఆయన క్షేమంగా ఉన్నట్టే ఉంది. దాన్ని కూడా తన చేత్తోనే తెంపేసుకుంది.

ఆరిఫా లేచి గోడను దబదబా బాదింది. "ఆపండి! ఆపండీ!" అని అరిచింది. కార్లో పాటలేవీ లేవు. రెహాన్‌కి మొదటి దెబ్బకే వినబడింది. గేటు దగ్గరే బ్రేకు వేసి, ఏమైందోనని పరిగెత్తుకొచ్చి తలుపు తీశాడు. వదిన తలుపు పట్టుకుని భోరుమని ఏడుస్తోంది. భర్త పోయాక అదే మొదటిసారి. షెహజాది ఎక్కి పట్టుకుంది. ఆ గేటు దగ్గర, వెనక బళ్ళు ఆగి ఉన్నా, ఎవరూ హారన్ కొట్టలేదు.

ఏడుపు కాస్త తెరిపిన పడ్డాక ఆరిఫా తనే దిగింది. అలమరాల గడియలు చూసి, తలుపుకు తాళం వేసి, తాళం గట్టిగా లాగి చూసింది.

"నన్ను ముందు కూర్చోనీ, షెహజాదీ."

"కూర్చోండి ఆపా, నేను వెనకుంటా."

"తీసి గట్టు మీద పెట్టండని ఎన్నిసార్లు అడిగానో" అంది ఆరిఫా సీటు బెల్టు పెట్టుకుంటూ. "పెట్టనే లేదు. పెట్టకుండానే పోయారు. ఇంక అది తియ్యడానికి ఎవరున్నారే?"

కారు సిడ్నీ దాటింది. ఆయన ఉన్న మట్టి అక్కడే ఉండిపోయింది, ఆయన పడుకున్న మంచం వెనకాల వస్తోంది. రెహాన్ నడుపుతున్నాడు. అచ్చం అన్న లాగే స్టీరింగు మీదికి కాస్త వంగి కూర్చుంటాడు. ఆరిఫా అటు చూడకుండా రోడ్డునే చూస్తూ కూర్చుంది. హైవే మీద మొదటి పెద్ద ఎత్తు వచ్చింది. ఇంజను మూలిగింది. ఆరిఫా తన వైపు అద్దంలోకి చూసింది. తెల్లటి కారవాన్, కర్టెన్లు వేసిన కిటికీ, వెనక ఖాళీ రోడ్డు.

"వస్తోందండీ" అంది, ఎవరూ అడక్కుండానే.