తోడెవరని అడిగితే

మా టీచరమ్మ పోయారని మా ఊరు ఇందుకూరుపేట నుంచి పోయిన వారం కార్డు వచ్చింది. బడిలో మాకు భూగోళం చెప్పిన మనిషి. పటం మీద వేలు పెట్టి చూపించిన ఊళ్ళను ఆ తర్వాత తన కళ్ళతో చూసి వచ్చిన మనిషి. కార్డు చేతిలో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. నన్ను గడప దాటించింది ఆవిడే.

పెళ్ళి చేసుకోలేదు. దాదాపు యాభై ఏళ్ళ వయసులో ఒక్కరే ఓడెక్కి లండన్, పారిస్ చూసొచ్చారు. బయల్దేరే ముందు ఊరంతా అడిగింది ఒకటే మాట: "తోడెవరు టీచరమ్మా?"

ఆవిడ జవాబూ ఒకటే. "ఇంకా తెలీదు. పోయి చూసి చెప్తా."

తిరిగొచ్చాక ఈఫిల్ టవర్ గురించి బోలెడు చెప్పారు గానీ మాకు నచ్చింది చెప్పుల కథే. లండన్‌లో ఒక పెద్ద చర్చికి వెళ్ళి, మన ఊళ్ళో లాగే చెప్పులు గడప బయట విడిచి లోపలికి పోయారట. బయటికొస్తే లేవు! చలికి కాళ్ళు కొయ్యబారుతున్నా వట్టి కాళ్ళతోనే బసకు నడిచారు. మర్నాడు వెళ్తే చర్చి కాపలా ముసలాయన, కాగితంలో చుట్టి దాచిన చెప్పులు తెచ్చి చేతికిచ్చాడు.

"ఎవరో మరిచిపోయినారనుకున్నాడంట, పాపం. తోడు దొరికినట్టే గదా పిల్లలూ!" అని పడీపడీ నవ్వేవారు.

కొన్నేళ్ళకు నాకు మద్రాసులో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది. ఒంటరిగా పంపేది లేదన్నారు నాయన. నిజం చెప్పాలంటే ఆయనకన్నా నాకే ఎక్కువ భయం. టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"మద్రాసు సంగతి తర్వాత. రేపు పొద్దున మైపాడు సముద్రానికి ఒక్కదానివే పోయి రా."

"మైపాడా? అదేమన్నా దూరమా టీచరమ్మా?"

"లండన్‌లో నన్నెవరూ ఎరగరు మే పిల్లా. మైపాడు దోవలో అందరూ ఎరిగినోళ్ళే. నాకు కాళ్ళు వణికింది ఇక్కడే."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఊరు దాటేలోపే నలుగురు ఆపి తోడెవరని అడిగారు. తల వంచుకుని నడిచాను. రేవులో వల బాగుచేసుకునే ఇద్దరు తప్ప ఎవరూ లేరు. నీళ్ళలో నిలబడి, అలలు చూస్తూ భయపడడం కూడా మరిచిపోయాను.

నాకన్నా ముందే కబురు ఇల్లు చేరింది. "ఎవరితో పోయినావు?" అన్నారు నాయన.

"ఎవరూ లేరు నాయనా. పోయినాను, వచ్చినాను."

ఆయన నా కాళ్ళకంటిన ఇసుక వైపు చూశారు. వారం తిరక్కుండా నెల్లూరు స్టేషన్‌లో నన్ను మద్రాసు రైల్లో ఆడవాళ్ళ పెట్టె ఎక్కించి, తను కిందే నిలబడ్డారు. ఇవాళ ఆస్పత్రిలో నర్సుగా నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే ఆ ఒక్క పొద్దుటి పుణ్యమే.

కార్డు అందేసరికే సమాధి కార్యక్రమం అయిపోయింది. అందుకే నిన్న మైపాడు వెళ్ళాను, ఒక్కదాన్నే. ఒడ్డున చేపలు ఎండేస్తున్న ఒకామె, "తోడెవరూ రాలేదా అమ్మా?" అంది.

"ఇంకా తెలీదు. పోయి చూసి చెప్తా" అనేశాను.

ఆమె నవ్వి, "చెప్పులు ఈడ పెట్టి పో. నేను చూస్తుంటాలే" అంది.

తడి ఇసుక మీద చాలా దూరం నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే, అల అక్కడిదాకా వచ్చినట్టుంది, ఆమె నా చెప్పులు చేతబట్టుకుని నిలబడి ఉంది.