గడప మీది కిరసనాయిలు

మొన్న మెకానిక్ షాపుల బండి చైన్ కడుగుతుంటే కిరసనాయిలు వాసన వచ్చింది. నాకు నస్పూర్ల మా క్వార్టర్ గడప యాదికొచ్చింది.

బొగ్గుబాయిల సమ్మె నడుస్తున్న రోజులవి. బాపు గూడ సమ్మెల ఉన్నడు. సమ్మె డేరా కింద అవ్వ, అంటే మా అమ్మ, పాట అందుకునేది: "సమ్మె ఇడిసి బాయి దిగినోడు ఇంట్ల జొచ్చిన పామురా." పక్కింటి సుజాత వాళ్ల బాపు ఒక్కడే డ్యూటీకి పోయిండు. భార్య దవాఖానల ఉండి, చేతుల పైసల్లేక పోయిండని నాకు పెద్దయినంక ఎరుకైంది.

ఇంట్లకు పాములు రావద్దని మా దిక్కు గడప మీద కిరసనాయిలు చల్లుతరు. నేను సీసెడు చల్లిన. ఆడుకుందామని సుజాత వచ్చింది.

"గిదేందే?"

"మీ బాపు పాము గద. మా ఇంట్లకు రావద్దని."

సుజాత గడప మీద వెట్టబోయిన కాలు ఎనుకకు తీసుకున్నది. మల్ల ఎన్నడు రాలే.

అవ్వ మెచ్చుకుంటదనుకొని చెప్పిన. అవ్వ బిందెడు నీళ్లు తెచ్చి గడప కడిగి, ఆ తడిలనే కూసున్నది.

తెల్లారి డేరాల మల్ల గదే పాట. 'పాము' అన్న మాట కాడికి రాంగనే అవ్వ గొంతు ఆగింది. మర్చిపోయిందనుకొని, ఆ మాట నేనే గట్టిగ అందుకున్న.