గడువు దాటిందని నేను రాసిన వార్త

మొన్న ఉదయం పేపర్లో ఒక మూల చిన్న వార్త చదివాను. ఏదో ప్రభుత్వ శాఖ అప్పీలు వేయడంలో చేసిన ఆలస్యాన్ని కోర్టు మన్నించిందట. పక్కన కూర్చున్న మనవరాలికి అందులో చదవదగ్గదేమీ కనిపించలేదు గానీ, నేను కాఫీ పక్కన పెట్టి దాన్ని మళ్లీ మళ్లీ చదివాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ భయం ఒంట్లో ఎక్కడో దాక్కునే ఉందన్నమాట.

అరవైల తొలినాళ్లలో అనంతపురంలో ఒక దినపత్రికకు కోర్టు వార్తలు రాసేవాణ్ణి. మా ఊరు కంబదూరు దగ్గర. తాత కాలం నుంచి మేము వేరుశనగ వేసుకుంటున్న మిట్టచేను పోరంబోకు భూమి అనీ, ఖాళీ చేయాలనీ రెవెన్యూ వాళ్లు నోటీసిస్తే, నాయన మున్సిఫ్ కోర్టుకెక్కి మూడేళ్లు తిరిగి గెలిచాడు. మాకున్నది ఆ ఒక్క చేనే. అది పోతే ఆయన ఇంకొకరి చేలో కూలికి పోవాల్సిందే. ఆ మాట ఇంట్లో ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

ప్రభుత్వం అప్పీలుకు వెళ్లడానికి నెల గడువు. ఆ నెలంతా రోడ్డుమీద జీపు చప్పుడైతే చాలు, మా అమ్మ దంచుతున్న రోకలి ఆపి నిలబడిపోయేది. నేను జిల్లా కోర్టులో అప్పీళ్ల రిజిస్టరు రోజూ చూసేవాణ్ణి, చూసి వచ్చాక సరిగ్గా చూశానో లేదోనని మళ్లీ వెళ్లేవాణ్ణి. గడువు దాటింది. ఇంకో నెల ఆగాం. ఏ కాగితమూ రాకపోయేసరికి నాయన ధైర్యం చేసి చేలో బావి తవ్వకం మొదలుపెట్టించాడు. నాకూ ధైర్యం వచ్చింది, దాంతోపాటు కాస్త పొగరు కూడా. ఫలానా ఊరి చేను కేసులో రైతు గెలిచాడనీ, గడువు దాటినా ప్రభుత్వం అప్పీలు వేయలేదనీ నాలుగు పంక్తుల వార్త రాశాను. రైతు మా నాయనేనని మాత్రం రాయలేదు.

ఆ రోజుల్లో కలెక్టరు ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది. ప్రభుత్వం పేరు కనబడిన ప్రతి వార్తనూ ఒక గుమాస్తా కత్తిరించి, తెల్లకాగితానికి అంటించి, సంబంధించిన సెక్షనుకు సంజాయిషీ కోసం పంపేవాడు. ఆయన బల్ల పక్కన కూర్చుని నేనెన్నిసార్లు టీ తాగానో! నా వార్తకూ అదే కత్తెర పడుతుందని తోచనే లేదు.

మూడు నెలలకు నోటీసు వచ్చింది. వకీలు గారు తన వరండాలో దాన్ని చదివి వినిపించారు. తీర్పు సంగతి తెలిపే ఉత్తరం ఏదో సెక్షనులో వేరే ఫైళ్ల కింద ఉండిపోయిందనీ, పత్రికలో వార్త చూశాకే అధికారులు మేలుకున్నారనీ, కనుక ఆలస్యాన్ని మన్నించాలనీ ఉంది. ఆ వెనక నా నాలుగు పంక్తులు అంటించి ఉన్నాయి. వకీలు గారు కళ్లద్దాల మీదుగా నన్ను చూశారు. నాయనకు చదువు రాదు.

"ఆ అంటించిండేది ఏంది సామీ?" అన్నాడు.

"ఏంలేదప్పా, ఆఫీసు కాగితం," అని ఆయన పేజీ తిప్పేశారు.

మనమే అంత ఆలస్యంగా పోయుంటే ఏమయ్యేదని నాయన అడిగితే, గడప కూడా తొక్కనిచ్చేవాళ్లు కాదని నవ్వారు. "నువ్వు ఒక్కనివి. సర్కారుకు నూరు బల్లలుండాయి. ఏ బల్ల కాడ కాగితం నిద్రపోయినా జడ్జీలు జాలిపడతారు."

అలాగే అయింది. గుమాస్తాల అలసత్వానికి ప్రజల ఆస్తి నష్టపోకూడదని చెప్పి జడ్జి గారు ఆలస్యాన్ని మన్నించారు. నాయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. మర్నాటి నుంచి బావి పని ఆగిపోయింది. నాలుగేళ్లు ప్రతి విత్తనమూ, కోత మనదవుతుందో కాదోనన్న గుబులుతోనే వేశాం. చివరికి జిల్లా కోర్టులోనూ గెలిచాం. ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లే గడువు కూడా దాటిందని నేను పరుగున వెళ్లి చెబితే, నాయన నాగలి మీది నుంచి చెయ్యి తీయలేదు.

"గడువు మనకప్పా. వాళ్లకు యాడిది?"

ఆ బావిని మళ్లీ తవ్వలేదు.

ఇప్పుడు ఏ అప్పీలు ఎప్పుడు వేశారో ఫోనులోనే చూసుకోవచ్చు. ఆలస్యమైన ప్రతి రోజుకూ కారణం చెప్పమని కొన్ని కోర్టులు సర్కారును నిలదీస్తున్నాయి కూడా. ఆ చేలో మా తమ్ముడి కొడుకు బోరు వేసుకున్నాడు, జీపు వస్తే తల తిప్పి చూడడు. మేము అలా బతకలేదు. ఆ కాగితం సంగతి నాయనకు రేపు చెబుదాం, పంట ఇంటికొచ్చాక చెబుదాం అనుకుంటూనే ఆయన పోయేదాకా ఏళ్లు గడిపాను. ఆయన కోప్పడేవాడు కూడా కాదేమోనని ఇప్పుడనిపిస్తుంది. చెప్పడానికే నాకు ధైర్యం చాలలేదు.