ప్రేమదాసు ఎడమ చెయ్యి

జగ్గయ్యపేట బస్టాండు బయట బండి మీద తామర మలాము అమ్మే ప్రేమదాసును ఎరగనివాళ్లు ఉండరు. మనిషిని చూడకపోయినా అతని ఎడమ చేతిని చూసే ఉంటారు. కొత్త మందు కలిపినప్పుడల్లా ముందు ఆ చేతికే రాసుకునేవాడు. రాసీ రాసీ అది మాడిన అట్టులా తయారైంది. దాన్నే పైకెత్తి, "నాకు పడిందే మీకిస్తన్నానండి. కుందేళ్ల మీద రాసి చూసే కంపెనీ సరుకు కాదిది" అనేవాడు. ఆ చెయ్యి చూశాక కూడా జనం కొనేవాళ్లంటే మా ఊళ్లో దురద ఎంతుందో మీరే ఊహించుకోండి.

పక్కనే నా సైకిల్ షాపు. ఆ ఉపన్యాసం రోజూ వినలేక చచ్చేవాణ్ని.

తొంభై ఎనిమిదిలో మిరపకోతలప్పుడు, పెనుగంచిప్రోలు కూలీలు మందులో ఘాటు చాలడం లేదన్నారు. దాసు గంధకం పాళ్లు పెంచాడు. అలవాటు ప్రకారం ఎడమ చేతికి రాసుకుని చల్లగా ఉందన్నాడు. భార్య లూర్దమ్మ మెడ మీద తామర ఉంటే ఆమెకూ అదే రాశాడు. తెల్లారేసరికి మెడంతా బొబ్బలు. అప్పుడు తెలిసింది మహానుభావుడికి, ఆ చేతి తోలు ఎప్పుడో మొద్దుబారిందనీ, దాని మీద నిప్పు పెట్టినా చల్లగానే ఉంటుందనీ. అతను బండి తీయడం మానేశాడు. ఉపన్యాసం లేక నాకూ ఏమీ తోచలేదు, నిజంగానే జాలేసింది.

"కంపెనీవాళ్లేం వెర్రోళ్లు కాదు దాసూ. ఇంట్లో మేకుందిగా, ముందు దానికి రాసి చూడు" అన్నాను.

మేక డొక్క మీద బొచ్చు గొరిగాడు. వేలికి మలాము తీసుకున్నాడు. తినేదేదో పెడుతున్నాడనుకుని మేక ఆ వేలివైపు మూతి చాపింది. దాసు చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మెడకు గుడ్డ చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డ లూర్దమ్మ, "ఏందయ్యా, దానికి తామరుందా?" అంది.

"లేదు."

"మరి లేని రోగానికి మందెందుకు? ఉన్నదాన్ని నేనున్నాగా. ఆ ఘాటుది పారబోసి, తగ్గించి కలిపి నాకు రాయి. మండితే తిడతా. అది నోరులేనిది, ఏం చేస్తది?"

అలాగే చేశాడు. ఆమె తిట్టలేదు, బండి మళ్లీ కదిలింది.

ఈలోగా మేకకు బొచ్చు తిరిగి మొలిచింది. ఎవరు పుట్టించారో గానీ, దాసు మందుకు వెంట్రుకలు మొలుస్తాయని నందిగామ దాకా పాకింది. బట్టతలలు బస్సులు దిగడం మొదలైంది. "మేకకి నేనేం రాయలేదండి" అని దాసు మొత్తుకున్నాడు. రహస్యం దాస్తున్నాడని వాళ్లు ఇంకా బతిమాలారు. ఇచ్చి పారెయ్యమని నేను కన్ను గీటాను. ఇచ్చాడా? అలాంటి మనిషికి వ్యాపారం ఎందుకు అబ్బుతుంది?

అప్పట్నుంచీ కొత్త మందు కలిపితే ముందు లూర్దమ్మను అడుగుతాడు. ఒక్కోసారి ఆమె వద్దంటుంది. ఆ రోజు మలాము ఉండదు, జనం గోక్కుంటూ వెళ్లిపోతారు.

"దీనికన్నా మేకే నయం గదరా, మాట్లాడకుండా పడుండేది" అన్నాను ఒకసారి.

"అందుకే గదన్నా" అన్నాడు దాసు. "అది వద్దనుకున్నా చెప్పలేదు."