మేక పాట ఎవరి వరుస?

బొమ్మల పుస్తకానికో పాట కట్టి పాడిస్తే పుస్తకానికి ప్రాణం వస్తుందని ఎవరైనా కొత్తగా కనిపెట్టినట్టు చెబితే నాకు ఒళ్ళు మండుకొస్తుంది. మొన్న ఒకావిడ మా ఇంటికొచ్చి గంటసేపు అదే చెప్పింది. కాఫీ ఇచ్చి పంపించాను. అరవైల చివర్లోనే నేనా పని చేశాను. చేసి ఏం వెలగబెట్టానో చెబుతాను.

మా ఇల్లు తెనాలి. టీచరు ట్రైనింగు బాపట్లలో అయింది. అక్కడ బొమ్మల పుస్తకం పిల్లలకు ఎలా చూపించాలో నేర్పారు. గుండెల ఎత్తున పట్టుకోవాలట, ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పాలట. ఆ పాఠం చెప్పినప్పుడు మా ముందు కూర్చోబెట్టింది పద్దెనిమిది మంది పిల్లల్ని, అందరూ తలకు నూనె రాసుకొచ్చినవాళ్ళే. తీరా ఉద్యోగం వచ్చింది రేపల్లె లైన్లో ఒక పల్లెటూళ్ళో. పొద్దున్నే తెనాలిలో రైలెక్కి, రేపల్లె ఇంకా రెండు స్టేషన్లుందనగా దిగి, చేలగట్ల మీద మైలు నడిస్తే బడి. మూడో తరగతిలో యాభై ముగ్గురు. ఎడమ నుంచి కుడికి తిప్పేలోపు ముందు వరస వాళ్ళు కొట్టుకునేవాళ్ళు.

రేపల్లె నుంచి ఒకరోజు బడికి పెట్టె వచ్చింది. అందులో పన్నెండు బొమ్మల పుస్తకాలు, ఒక్కోటి ఒక్క ప్రతి. హెడ్మాస్టరుగారు వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. "చిరుగుతాయమ్మాయ్, ఇనస్పెక్షన్‌లో లెక్క చూపించాలి" అన్నారు. పిల్లల కోసం వచ్చిన పుస్తకాలు పిల్లలు ముట్టుకుంటే చిరుగుతాయట! ఆరోజే ఆయనతో గట్టిగా పోట్లాడాను. వారానికి ఒక పుస్తకం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. చూశారా, నాకు నోరు లేకపోలేదు. అవసరమైన రోజునే అది పడిపోయింది.

ఒక్క పుస్తకం, యాభై మూడు జతల కళ్ళు. వెనకవాళ్ళకు బొమ్మ కనిపించదు కాబట్టి వినిపించాలనుకున్నాను. పుస్తకానికో పాట. పేజీకి రెండు చరణాలు. పాట వింటే ఏ పేజీలో ఉన్నామో గోడవారగా కూర్చున్నవాడికి కూడా తెలిసిపోవాలి. చీమల పుస్తకానికి ఎక్కాల వరుస పెట్టాను, పిల్లలు ఊగిపోయారు. ఎడ్లబండి పుస్తకానికి జోలపాట వరుస సరిపోయింది. పడవెక్కి కాలవ దాటబోయే మేక పుస్తకం ఒక్కటే లొంగలేదు. మాటలు రాసుకున్నాను.

*మేకమ్మ మేకమ్మా, ఏ రేవుకే?*
*పచ్చగడ్డి మొలిచిందట, ఆ రేవుకే!*

దానికి చిన్నప్పుడు నేర్చుకున్న సంగీతం వరుస ఒకటి పెడితే, మూడో పేజీకి సగం మంది ఆవలించారు.

అప్పుడు ఊడ్పుల రోజులు. నేను నడిచే గట్టు పక్కనే ఆడవాళ్ళు నాట్లు వేస్తూ పాడేవాళ్ళు. ఒకామె అందుకునేది, మిగతావాళ్ళు అనేవాళ్ళు. వెనక్కి అడుగులేస్తూ నాటుకుంటూ పోయి, చేతిలో నారు అయిపోగానే కొత్త కట్ట అందుకోవడానికి వంగేవాళ్ళు. ఆ వంగినంతసేపు పాట ఆగేది. ఒక్క ఊపిరి, అంతే. మళ్ళీ అందుకునేది. గట్టు మీద నిలబడిపోయాను. ఆ ఆగిన చోట నాకు కావలసింది ఉంది. అక్కడ పేజీ తిప్పొచ్చు!

పాట అందుకునే ఆమె కూతురు నా తరగతిలోనే ఉంది. కాలవ అవతల పల్లె నుంచి వచ్చే నలుగురు పిల్లల్లో ఒకతె. నలుగురూ గుమ్మం దగ్గరే కూర్చునేవాళ్ళు. ఎవరు కూర్చోమన్నారని నేను అడగలేదు, అందరికీ తెలిసిందే కదా. సాయంత్రం ఆ తల్లిని గట్టు మీద ఆపి వరుస నేర్పమన్నాను. ఆమె పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా వరుస మీకెందుకండీ పంతులమ్మగారూ?"

"మన బళ్ళో పిల్లలకమ్మా. మేక పుస్తకానికి."

"మేకకా!" అని ఇంకా నవ్వి, నేర్పింది. నేను మూడుసార్లు తప్పాను. మూడుసార్లూ ఓపిగ్గా దిద్దింది. నాలుగోసారి సరిగ్గా పాడాక, "తీసుకెళ్ళండమ్మగారూ, పిల్లలకేగా" అంది.

మర్నాడు మేక పుస్తకం లేచి కూర్చుంది. ఆ పిల్లకు వరుస తల్లిపాలతో వచ్చింది. అందుకోవడం తనకే ఇచ్చాను, పుస్తకం కూడా తన చేతికే ఇచ్చాను. గుమ్మం దగ్గరి పిల్ల తరగతి మధ్యలో నిలబడి పాడి, ఊపిరి ఆపిన చోట పేజీ తిప్పేది. యాభై రెండు గొంతులు "ఆ రేవుకే" అనేవి. దసరా వచ్చేసరికి ఆ పిల్ల పాటతో పనిలేకుండా అక్షరాల మీద వేలుపెట్టి చదివేసింది. తర్వాతి పుస్తకం ఎప్పుడిస్తారని రోజూ అడిగేది.

దసరా సెలవుల తర్వాత డిప్యూటీ ఇనస్పెక్టరు వస్తున్నాడన్నారు. మేక పుస్తకం చూపిద్దామనుకున్నాం. దానికి వారం ముందు ఊరి ప్రెసిడెంటుగారు బడికొచ్చి వరండాలో కుర్చీ వేయించుకుని నన్ను పిలిపించారు. ఆయన మనవడు నా తరగతే. నా వెనకే ఆ పిల్ల కూడా పుస్తకం గుండెకు హత్తుకుని గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఏమ్మా పంతులమ్మా, మావాడు అన్నం ముందు కూర్చుని మేక పాటంటూ పాడుతున్నాడు. మా అమ్మ విని, ఇది మన చేలో నాట్ల పాటగదరా అంది. ఎక్కడిదమ్మా?"

"నేనే రాశానండి."

"మాటల సంగతి కాదమ్మా. వరుస ఎవరిది?"

ఆ వరుస ఎవరిదో చెప్పడానికి రెండు మాటలు చాలు. ఆ పిల్ల నావైపే చూస్తోంది. పుస్తకాన్ని కాస్త పైకెత్తి పట్టుకుంది, ఇప్పుడు తన తల్లి పేరు వస్తుందని.

"రైల్లో ఎవరో పాడుతుంటే విన్నానండి" అన్నాను.

"అదీ సంగతి! తెలీక పట్టుకొచ్చావన్నమాట. చూడమ్మా, బళ్ళో పిల్లల్ని కలిపి కూర్చోబెట్టమన్నారు, కూర్చోబెట్టాం. ఇప్పుడు వరుసలు కూడా కలపమంటే ఎట్టాగ?"

తన చమత్కారానికి తానే పడీ పడీ నవ్వాడు. హెడ్మాస్టరుగారూ నవ్వారు. నా పెదవులు కూడా కదిలాయి. దానికి వేరే పేరు పెట్టుకోవడానికి ఇన్నేళ్ళూ ప్రయత్నించాను. అది నవ్వే.

ఉద్యోగం పర్మనెంటు కాలేదు, నాన్న రిటైరయ్యారు, నా జీతం మీదే ఇల్లు. ఇవన్నీ నిజమే. ఈ నిజాలన్నీ కలిపినా ఆ అబద్ధానికి సరిపోవు. ప్రెసిడెంటు మీద ఉన్న కోపం నాకు ఎప్పుడో చల్లారింది, ఆయన ఆయనలాగే మాట్లాడాడు. నేనే నాలాగా మాట్లాడలేదు.

ఆయన వెళ్ళాక హెడ్మాస్టరుగారు, "ఎందుకొచ్చిన గొడవమ్మాయ్, నీకు వచ్చిన సంగీతం వరుస పెట్టు. పుస్తకం ఆ మనవడు పట్టుకుంటాడులే, ఎత్తుగా ఉంటాడు" అన్నారు. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా తలూపాను. ఆ పిల్ల చేతిలోంచి పుస్తకం నేనే తీసుకున్నాను. తను గట్టిగా పట్టుకోలేదు. వెంటనే ఇచ్చేసింది.

ఇనస్పెక్టరు ముందు అంతా దివ్యంగా జరిగింది. నా సంగీతం వరుసలో ఎక్కడా ఊపిరి ఆగే చోటు లేదు. కుర్రాడు తోచినచోట పేజీ తిప్పాడు. పాటలో మేక అవతలి రేవు చేరి గడ్డి మేస్తుంటే, బొమ్మలో ఇంకా ఇవతలి గుంజకు కట్టేసి ఉంది. ఆయన బొమ్మ చూస్తే కదా! చప్పట్లు కొట్టి, పుస్తకానికి ప్రాణం పోశారని రిజిస్టరులో రాసిపోయాడు. గుమ్మం దగ్గరి నలుగురూ నోరు విప్పలేదు. అది ఎవరి కంటా పడలేదు.

సోమవారం పుస్తకం తెచ్చి ఆ పిల్లను పిలిచాను. "రా, మన పాత వరుసే పాడదాం."

కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. "వద్దండి. మా యమ్మ పాడొద్దందండి."

"ఎందుకమ్మా?"

"తెలీదండి."

అబద్ధం. నా దగ్గరే నేర్చుకుంది. ఆ తర్వాత తర్వాతి పుస్తకం ఎప్పుడని అడగడం మానేసింది. ఇంకొన్నాళ్ళకు బడికి రావడం కూడా తగ్గింది.

ఒక సాయంత్రం ఉండబట్టలేక ఆ తల్లిని వెతుక్కుంటూ వెళ్ళాను. గట్టు మీద గడ్డి కోస్తోంది. చెప్పాలనుకున్నవన్నీ తారుమారయ్యాయి.

"ఇనస్పెక్టరు వస్తాడని మార్చాల్సొచ్చిందమ్మా. రేపటి నుంచి మళ్ళీ నీ వరుసే పాడిస్తాను. పిల్లను పంపించు."

ఆమె కొడవలి ఆపలేదు.

"నా వరుసేంటండీ పంతులమ్మగారూ? మీరు రైల్లో విన్నారంటగా. నేనెప్పుడూ రైలెక్కలేదండి."

గొంతులో కోపం లేదు, మర్యాద కూడా తగ్గలేదు. గడ్డి మోపు కట్టుకుని, పక్కనే నిలబడి ఉన్న నన్ను అడక్కుండా, తలకెత్తడానికి రమ్మని నాలుగు మళ్ళ అవతలున్న మనిషిని కేకేసింది.