బాపుకు అంటుకోవద్దని

మనవరాలి పెదవి మీది జ్వరపు పొక్కులకు వెన్న రాస్తుంటే, ఆ వాసనకు మర్రిగూడలోని మా జొన్నచేను గుర్తొచ్చింది.

రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజులవి. నాకు ఆరేళ్లు. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. వాళ్లతో పోరాడే దళంలో తిరిగే బాపు ఓ పగలు చేనులో దాక్కుంటే, అవ్వ నా చేత రొట్టెలు పంపింది. నా పెదవుల నిండా పొక్కులే. అవ్వ వెన్న రాసి, "గిల్లకు బిడ్డా. ఎవ్వలకూ ముద్దు పెట్టకు, అంటుకుంటది" అంది.

బాపును చూసి అప్పటికి రెండు నెలలైంది. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయాయి. దగ్గరికి తీసుకోబోతే, చేత్తో నోరు మూసుకుని వెనక్కి జరిగాను.

"నా మీద అలిగినవా బిడ్డా?"

నోరు తెరిస్తే ఊపిరి తగిలి అంటుకుంటుందని మాట్లాడలేదు. అంతలో ఊరి వైపు తుపాకీ పేలింది. బాపు నన్నే చూస్తూ జొన్నలోకి వెళ్లిపోయాడు.

వారానికి పొక్కులు మానాయి. రోజూ చేని గట్టెక్కి, "బాపూ, తగ్గినయ్, రా!" అని చేనంతా వినబడేలా అరిచేదాన్ని. జొన్న కోసేదాకా అరిచాను. కోశాక చేనులో ఎవరూ లేరు.

ఇప్పుడు దగ్గరికి తీసుకోబోతే, మనవరాలు మూతి పక్కకు తిప్పుకుంది. నెత్తి మీద ముద్దు పెట్టాను. అక్కడ పెడితే అంటుకోదని నాకప్పుడు తెలియదు.