నాకా గడప మీద ఉప్పు

1957 చలికాలంలో నేను కరీంనగర్‌లో జిల్లా విలేకరిగా ఉన్నాను. ఆదిలాబాద్‌లో మా పత్రికకు వేరే మనిషి లేడు కాబట్టి ఆ జిల్లా కూడా నా కిందే ఉండేది. జిల్లా విలేకరి అనేది అప్పట్లో పెద్ద హోదా ఏమీ కాదు. తొందర వార్త అయితే తంతి కొట్టాలి. తొందర లేనిదాన్ని కవరులో పెట్టి హైదరాబాద్ బస్సు కండక్టరు చేతికివ్వాలి. వేసేదీ పారేసేదీ అక్కడి డెస్కు ఇష్టం.

ఆ నవంబరులో ఆదివారం పేజీ చూసే సబ్-ఎడిటర్ నాకొక పని అప్పగించారు. రెండు జిల్లాల్లో దయ్యాలున్నాయని పేరుపడ్డ చోట్లు చూసి వారానికొకటి రాయాలి. జమ్మికుంట దగ్గర పాడుబడ్డ ఒక దొర గడి గురించి, వేములవాడ దారిలో ఎవరూ దిగని ఒక సత్రం గురించి అప్పటికే రాసి పంపాను. అటువంటి వ్యాసానికి ఒక పద్ధతి ఉంటుంది. ఊరివాళ్ళ కథ ముందు చెప్పాలి, ఒక ముసలాయన మాట మధ్యలో పెట్టాలి, చివర గబ్బిలాలనో గాలి చప్పుడునో చూపించి పాఠకుణ్ణి నవ్వించి పంపాలి. రెండూ బాగానే పోయాయి. మూడోదాని కోసం బోథ్ వైపు వెళ్ళాలనుకుంటూ ఆదిలాబాద్ బస్టాండులో కూర్చున్నప్పుడు, నర్సయ్య అనే యువకుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

నర్సయ్యది సిరిసిల్ల నేత కుటుంబం. ఆయన్ను పెన్‌గంగ ఒడ్డున ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల తెరవమని పంపారు. ఊరి బయట ఖాళీగా పడి ఉన్న పాత సుంకం నాకాను బడికి ఇచ్చారు. నెల గడిచినా ఒక్క పిల్ల కూడా గడప తొక్కలేదు. తనిఖీకి వచ్చే డిప్యూటీ ఇన్‌స్పెక్టర్‌కు పిల్లలు కనపడకపోతే బడిని వేరే ఊరికి మార్చేస్తారు. చుట్టుపక్కల ఇంకో బడి లేదు.

"గాడ దయ్యం లేదు గియ్యం లేదని ఒక్క ముక్క రాయుండ్రి సార్. నేను చెప్తే నవ్వుతున్నరు. పేపర్ల అచ్చయితే నమ్ముతరు" అన్నాడు.

అచ్చు మీద ఆయనకున్న నమ్మకం నాకు లేదు. కానీ వెతకకుండానే మూడో వ్యాసం దొరికింది కదా అని ఆయన వెంట వెళ్ళాను.

నాకా అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. హైదరాబాద్ సంస్థానానికి సొంత సుంకాలుండేవి. సరిహద్దు రేవుల దగ్గర బండ్లు ఆపి, సరుకు చూసి సుంకం కట్టించుకునేవారు. ఒక జమాదారు, ఆయన చేతి కింద ఇద్దరు ముగ్గురు జవాన్లు ఉండేవారు. సంస్థానం పోయాక కొన్నేళ్ళకు సుంకాలూ పోయాయి, నాకాలు మూతపడ్డాయి. ఇది రాతి గోడలు, పెంకుల కప్పు ఉన్న రెండు గదుల కట్టడం. ముందర వరండా, వెనక ఏటివైపు ఒక చిన్న తలుపు. అవతలి ఒడ్డు అప్పుడు బొంబాయి రాష్ట్రం.

మేము చేరేసరికి మధ్యాహ్నమైంది. అవతలి ఒడ్డున సంత రోజు కావడంతో బండ్లు తిరిగి వస్తున్నాయి. ప్రతి బండీ నాకా ముందు ఆగుతోంది. అడిగేవాడు లేకపోయినా బండివాళ్ళు దిగి, తెచ్చుకున్న మూటలు విప్పి, తెరిచి ఉన్న ఖాళీ గది వైపు చూపిస్తున్నారు. "చూడు తల్లీ, ఏం దాస్తలేం" అంటున్నారు. చిటికెడు ఉప్పు గడప మీద వేసి, మూట ముడేసుకుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళు పోగానే వరండా పక్క నుంచి రెండు మేకలు వచ్చి ఆ ఉప్పును శుభ్రంగా నాకేశాయి.

నాకు శీర్షిక కూడా తట్టింది. మేకలతో ముగిస్తే మా సబ్-ఎడిటర్ సంతోషిస్తారు.

ముసలాయన మాట కోసం ముత్తన్న అనే బండి తోలే ఆయనను పట్టుకున్నాను. అరవై దాటిన మనిషి. ఊళ్ళో ఆయన మాటకు విలువుందని నర్సయ్య చెప్పాడు.

"లచ్చవ్వని మా ఊరి కోడలు. పదేండ్లయితుంది. గప్పుడు మాకు ఉప్పు దొరకకపోయేది, ఆ ఒడ్డు నుంచి తెచ్చుకునేటోళ్ళం. ఆమె మూటల ఉప్పు దొరికిందని జమాదారు లోపలికి గుంజుకపోయిండు. మల్ల బయటికి రాలే. తెల్లారి చూస్తే మూట ఉన్నది, మనిషి లేదు. సంపి ఏట్ల ఏసిన్రు."

"ఎవరు చూశారు?" అని అడిగాను.

"అందరికి ఎరుకే."

"చూసిందెవరు?"

ముత్తన్న ఊరికే నిలబడి ఉన్న ఎద్దులను అదిలించాడు. "పిల్లలు కాకుండనే సచ్చింది సారూ. పోరగాండ్లు కంటపడితే ఇడుస్తదా?" అని బండెక్కి పోయాడు.

అందరికీ తెలుసు అనే మాట విలేకరికి పనికిరాదు. సాధారణంగా దానికి, చూసినవాడు నోరు విప్పడం లేదని అర్థం. చావు వార్త రాయాలంటే శవమైనా ఉండాలి, పోలీసు కాగితమైనా ఉండాలి, కళ్ళతో చూసిన మనిషైనా ఉండాలి. ఇక్కడ ఏదీ లేదు. పైగా ఏట్లో వేసిన శవం ఈ ఒడ్డుకే రావాలని లేదు. మరుసటి వారం సంత రోజున నేనొక్కణ్ణే నాటు పడవలో అవతలికి వెళ్ళాను.

అక్కడి పోలీసు పటేల్ సగం మరాఠీలో, సగం తెలుగులో మాట్లాడే పెద్దమనిషి. ఏట్లో శవం తేలితే పంచనామా రాయించాల్సింది ఆయన, ఠాణాకు మోయించాల్సింది ఆయన. ఆ ఏడు అటువంటి తలనొప్పి రాలేదనీ, వచ్చి ఉంటే తాను చచ్చేదాకా మర్చిపోయేవాణ్ణి కాననీ గట్టిగా చెప్పారు. తర్వాత బట్టల అంగడి దగ్గరా హోటల్లోనూ, ఏట్లో వేశారన్న ఆడమనిషి గురించి అదే ప్రశ్న అడిగాను.

మిరపకాయల రాశి ముందు కూర్చున్న ఒకామె నన్ను పిలిచింది. తొమ్మిది గజాల చీర కాసె పోసి కట్టింది, నుదుట పెద్ద కుంకుమ. చూస్తే మరాఠీ మనిషి. మాట మాత్రం మా ఒడ్డు తెలుగు.

"ఎందుకడుగుతున్నవు సారూ ఆమె ముచ్చట?"

పత్రికవాణ్ణని చెప్పాను. బడి సంగతీ, తనిఖీ సంగతీ చెప్పాను.

"ఆమె దొరికితే ఏం రాస్తవు?"

"బతికే ఉందని రాస్తాను."

"ఏడున్నదో, ఎవరింట్ల ఉన్నదో గది గూడ రాస్తవా?"

రాయకపోతే ఎవరూ నమ్మరని అన్నాను. ఆమె తూకం రాళ్ళు ఒక్కొక్కటే సంచిలో వేసింది. పక్క అంగడివాడు బేరంలో ఉన్నాడని చూసుకుని గొంతు తగ్గించింది. "ఇగ ఎవల్నీ అడగకు. నేనే."

ఆమె చెప్పింది తక్కువ. చెప్పినంతలో ముత్తన్న చెప్పనిది ఉంది. ఆనాడు నాకా ముందు తమ ఊరి బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నిటిలో గడ్డి కింద ఉప్పు ఉంది. నెత్తి మీద మూటతో నడిచి వచ్చిన ఆమెను జమాదారు ఆపి, ఆ మూటే విప్పించాడు. ఆమెను లోపలికి లాగుతుంటే బండ్లకు దారి దొరికింది. అన్నీ వెళ్ళిపోయాయి. ఆ గదిలో ఏం జరిగిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పొద్దు గూకే వేళ ఒక జవాను వెనక తలుపు తీసి ఏటివైపు పొమ్మన్నాడు. రేవు దాటింది. అవతలి ఒడ్డున ఆమెకు నీళ్ళిచ్చిన ఇంట్లోనే కొన్నాళ్ళు కూలి చేసింది, తర్వాత ఆ ఇంటి కొడుకునే మారుమనువు చేసుకుంది. ఆయనకు అంతా తెలుసు. అత్తకు, పిల్లలకు తెలియదు.

ఇంటికి ఎందుకు పోలేదని అడిగాను. పట్నంవాడి ప్రశ్నే.

ఆమె నా వైపు కొంచెం జాలిగా చూసింది. "సచ్చిందనుకున్నరు గనుక తల్లీ అని ఉప్పు పెడుతున్నరు. బతికి పోయి వాకిట్ల నిలబడితే ఏమని పిలుస్తుండిరి సారూ?"

ఆమె బతికుందని అచ్చయితే మొదటి భర్తవాళ్ళు వస్తారు, కులపంచాయతీ కూర్చుంటుంది, ఆమె ఇద్దరు కొడుకులను కులంలో నుంచి తీసేస్తారు. రాయనని మాటిచ్చాను. లేవబోతుంటే అడిగింది, "గా బడికి ఆడిపిల్లలు గూడ వస్తరా?" తెరిస్తే వస్తారని చెప్పాను.

నా పరిస్థితి ఇదీ. దయ్యం లేదని రుజువు నా దగ్గరుంది. రుజువు లేకుండా రాస్తే అది నా అభిప్రాయం. నర్సయ్య అభిప్రాయాన్ని నమ్మనివాళ్ళు నాదీ నమ్మరు. రుజువుతో రాస్తే బడి నిలుస్తుంది, ఒక ఇల్లు కూలుతుంది. మరో సంత రోజున నాకాకు వెళ్ళి, రాయలేనని నర్సయ్యతో చెప్పాను. కారణం చెప్పలేదు.

"దయ్యాల ముచ్చట్లు రెండు వారాలు రాసిండ్రు గదా సార్. లేదని రాయనీకి కలం కదలదా?" అన్నాడు. అనాల్సిన మాటే అన్నాడు.

మేము వరండాలో అలా నిలబడి ఉండగానే రేవు నుంచి జనం రావడం మొదలైంది. వాళ్ళ మధ్య కాసె చీర, నెత్తి మీద మూట. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆమె నేరుగా వచ్చి, మూట దించి, నాకా గడప మీద కూర్చుంది. నా వైపు చూడలేదు.

ముత్తన్న బండి ఆగింది. ఆయన దిగి తన మూట విప్పబోతూ ఆమెను చూశాడు. "ఓ బాయీ, లే! ఆడ కూసోకు. గది మంచి జాగ కాదు."

"ఏమున్నది గీడ?" మాటలో ఈసారి మరాఠీ యాస కలిపింది.

"ఒకామె పాణం పోయింది."

"ఎవలామె?"

"మా లచ్చవ్వ. బంగారమసొంటి మనిషి. ఎవల్నీ ఒక్క మాట అనకపోయేది."

"గంత మంచిదైతే మీ పోరగాండ్లనేం జేస్తది?"

వెనక బండ్లవాళ్ళలో ఎవరో నవ్వారు. ముత్తన్నకు కోపం వచ్చింది. "నీకేం ఎరుక? నీది ఆ ఒడ్డు."

"ఆ ఒడ్డుకు గీ ఒడ్డు కనబడుతది. ఆ పొద్దు నీ బండి ఉండెనా గీడ?"

నవ్వు ఆగిపోయింది. ముత్తన్న వెనక్కి తిరిగి మిగతా బండ్ల వైపు చూశాడు. ఆయన చేతిలో మూట ముడి సగం విప్పి ఉంది.

"ఉండె," అన్నాడు చివరికి. "అన్నిటికంటె ముందు నాదే. గడ్డి కింద బస్తా ఉండె. ఆమె నా దిక్కు చూసింది. నేను ఎద్దులను కొట్టిన."

"దిగితే నిన్ను గూడ కొడుతుండిరి."

"కొడుదురు."

"గది ఆమెకు గూడ ఎరుకే ఉంటది. ఉప్పు మేకలు తింటున్నయి, ఇంటికి తీస్కపో. పోరగాండ్లను పంపు." ఆమె లేచింది. "జర మూట ఎత్తు అన్నా."

నెత్తి మీదికి మూట ఎత్తడానికి రెండో మనిషి చెయ్యి వేయడం ఆ దారిలో రోజూ జరిగేదే. ముత్తన్న దగ్గరకు వచ్చి మూట ఎత్తాడు. ఎత్తేటప్పుడు ఇద్దరి ముఖాలూ దగ్గరికి వచ్చాయి. మూట నెత్తి మీద కుదురుకున్నాక కూడా ఆయన చేతులు తీయలేదు. తర్వాత తీశాడు. ఆమె వచ్చిన దారినే రేవుకు నడిచింది. మూట మోసుకుని ఏరు దాటి వచ్చిన మనిషి ఆ మూటతోనే మళ్ళీ అటే ఎందుకు పోతోందని అక్కడ ఒక్కరూ అడగలేదు.

మర్నాడు ముత్తన్న తన మనవరాలిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. గడప దగ్గర పిల్ల సంచీ విప్పించి, పలకను గది లోపలికి చూపించి, పంపాడు. ఆ వారంలోనే మిగతా బండ్లవాళ్ళూ పంపారు. అందరూ సంచులు విప్పి చూపించే పంపారు. నర్సయ్య మొదట చిరాకుపడ్డాడు గానీ అడ్డం చెప్పలేదు. ఉప్పు పెట్టడం మాత్రం ఆగింది. మేకలు కొన్నాళ్ళు వచ్చి చూసి పోయాయి. తనిఖీ గడిచింది, బడి నిలిచింది.

మూడో వ్యాసం ఏమైందని హైదరాబాద్ నుంచి తంతి వచ్చింది. సంగతి నిర్ధారణ కాలేదని జవాబిచ్చాను. దాని బదులు, మూతపడ్డ నాకాలో పాఠశాల తెరిచారని నాలుగు వాక్యాల వార్త పంపాను. లోపలి పేజీలో, అడుగున వేశారు. ఆమె ఇప్పుడు లేదు. అయినా ఇక్కడ రాసిన పేర్లు అసలు పేర్లు కావు, ఊరి పేరు రాయలేదు. ఆమె పిల్లల పిల్లలు ఆ ఒడ్డునే ఉన్నారు.

ఉద్యోగంలో ఉన్నంత కాలం ఆ తర్వాత కూడా అటువంటి చోట్లు చాలా చూశాను. గడులు, బావులు, అడవిలో డాక్ బంగళాలు. అక్కడ చచ్చిపోయింది ఎవరని అడగడం మానేశాను. అది ఊళ్ళో అందరూ చెబుతారు. ఆ రోజు అక్కడి నుంచి బండి తోలుకుని వెళ్ళిపోయింది ఎవరని అడగడం మొదలుపెట్టాను. చాలా చోట్ల జవాబు రాలేదు. వచ్చిన చోట్ల, అది చెప్పిన మనిషి ఆ దయ్యానికి మొక్కేవాళ్ళలో అందరికంటే ముందుండేవాడు.